కైరోలో మన హైదరాబాదీ: నవాబ్ అలీ యావర్ జంగ్

ఐక్యరాజ్యసమితి పాఠం మనందరం బడిలో చదివినదే. భద్రతా మండలి, సాధారణ సభ, ఐదు శాశ్వత సభ్యదేశాలు అంటూ పరీక్ష కోసం బట్టీ పట్టాం. ఆ సమితి సాయుధ శాంతిసేన 1956లో తొలిసారి ఈజిప్టులో దిగినప్పుడు, అక్కడ భారత రాయబారిగా ఉన్నది ఒక హైదరాబాదీ అన్న సంగతి మాత్రం ఏ మాస్టారూ చెప్పినట్టు గుర్తు లేదు. ఆయనే నవాబ్ అలీ యావర్ జంగ్. మన నిజామాబాద్, బోధన్ హైదరాబాద్ రాజ్యంలో భాగంగా ఉన్న రోజుల్లో ఆ రాజ్య ప్రభుత్వంలో పనిచేసినవారు.

ఆయన చదువుకు విలువిచ్చే ఇంట పుట్టారు. తల్లి తయ్యిబా బేగం ఆ రోజుల్లోనే పట్టభద్రురాలు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి వచ్చి ఉస్మానియాలో చరిత్ర బోధించారు. తరువాత ప్రభుత్వంలోకి వెళ్లారు. 1947లో భారత ప్రభుత్వంతో చర్చలు జరిపిన నిజాం ప్రతినిధులలో ఆయన ఒకరు. ఆ అక్టోబరు 27 తెల్లవారుజామున వేలాదిమంది ఇత్తెహాద్ కార్యకర్తలు ప్రతినిధుల ఇళ్లను చుట్టుముట్టి ఢిల్లీ ప్రయాణాన్ని ఆపేశారు. అలీ యావర్ జంగ్ పదవి వదులుకున్నారు. ఏడాది తిరగకుండానే సెప్టెంబరు 1948 వచ్చింది. ఆ ఏడాది మన జిల్లాలో ఎలా గడిచిందో మన తాతల నోట విన్నదే.

ఆ తరువాత 1952 వరకు ఉస్మానియా వైస్ ఛాన్సలర్‌గా ఉన్నారు. బోధన ఉర్దూ నుంచి ఇంగ్లీషుకు మారిన కష్టకాలం అది. అక్కడి నుంచి అర్జెంటీనాకు, 1954లో ఈజిప్టుకు రాయబారిగా వెళ్లారు.

1956 జూలై 26న నాసర్ సూయజ్ కాలువను జాతీయం చేశారు. అక్టోబరు 29న ఇజ్రాయెల్, ఆ వెంటనే బ్రిటన్, ఫ్రాన్స్ దాడికి దిగాయి. నెహ్రూ, నాసర్‌ల మధ్య సంప్రదింపులు సాగిన ఆ నెలల్లో కైరోలోని మన రాయబార కార్యాలయం ఆయన చేతిలో ఉంది. కెనడా మంత్రి లెస్టర్ పియర్సన్ ప్రతిపాదనతో సాధారణ సభ అత్యవసర సేనను ఏర్పాటు చేసింది. పది దేశాలు సైనికులను పంపాయి. డెన్మార్క్, నార్వే, ఫిన్లాండ్ వంటి చిన్న దేశాలూ అందులో ఉన్నాయి. జనాభాలో చిన్నవైనా, యుద్ధంలో ఎవరి పక్షమూ పట్టనివి కాబట్టి వాటి మాటకు విలువ దక్కింది. భారత్ ఒప్పుకుంది కానీ షరతులు పెట్టింది. ఈజిప్టు సమ్మతి ఉండాలి, సేన తాత్కాలికంగానే ఉండాలి, దాడి చేసినవారి స్థానంలో కూర్చోకూడదు. మన పారాచూట్ రెజిమెంటు మూడో బెటాలియన్ ఆ సేనలో చేరింది. డిసెంబరు 22 నాటికి బ్రిటన్, ఫ్రాన్స్ సైన్యాలు వెళ్లిపోయాయి.

మా ఇంజనీర్ల భాషలో చెప్పాలంటే అది వంతెనలో బేరింగ్ లాంటిది. స్తంభానికీ పైకప్పుకూ మధ్య ఉండి బరువు మోస్తుంది, కదలికను భరిస్తుంది, ఏదీ పగలనివ్వదు. ఇజ్రాయెల్ ఆ సేనను తన వైపు నిలవనివ్వలేదు. 1967 మేలో ఈజిప్టు కూడా వెళ్లిపొమ్మంది. మూడు వారాలలోపే, జూన్ 5న, యుద్ధం మొదలైంది. పదేళ్లకు పైగా ఆ సరిహద్దును కాపాడింది తుపాకులకన్నా ఎక్కువగా సమ్మతే అని అప్పుడు తెలిసింది.

కైరో తరువాత ఆయన యుగోస్లావియాకు వెళ్లారు. ఆ దేశమూ సూయజ్ సేనకు సైనికులను పంపినదే. 1961 నుంచి ఫ్రాన్స్‌లో ఉన్నారు. 1965లో అలీగఢ్ విశ్వవిద్యాలయ వైస్ ఛాన్సలర్ కాగానే, ప్రవేశాల కోటా తగ్గింపు వివాదంలో ఏప్రిల్ 25న విద్యార్థుల దాడికి గురై తీవ్రంగా గాయపడ్డారు. అయినా 1968 వరకు ఆ పదవిలోనే ఉండి, తరువాతే అమెరికాకు రాయబారిగా వెళ్లారు. 1971లో మహారాష్ట్ర గవర్నరై, ఆ పదవిలో ఉండగానే 1976 డిసెంబరు 11న కన్నుమూశారు. పద్మభూషణ్ అంతకుముందే అందుకున్నారు. మరణానంతరం పద్మవిభూషణ్ ఇచ్చారు. ముంబైలోని వినికిడి లోపం గలవారి జాతీయ సంస్థ ఆయన పేరునే ఉంది. దాని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్‌లో ఉంది.

మన జిల్లా నుంచి ఎన్ని కుటుంబాలు దుబాయి, సౌదీ, కువైట్ దారి పట్టాయో లెక్క లేదు. పాస్‌పోర్టు పోయినా, జీతం ఆగినా, శవం ఇంటికి రావాల్సి వచ్చినా మనవాళ్లు తలుపు తట్టేది భారత రాయబార కార్యాలయాన్నే. ఆ కుర్చీలో కూర్చున్నవారికి రెండు పక్షాలూ నమ్మే మాట ఉండాలి. హైదరాబాద్‌లో ఆ మాట వినిపించుకోనివారిని చూసిన మనిషి, కైరోలో దాని విలువ తెలిసే పనిచేశారని నా నమ్మకం. మన బడి పిల్లలలో ఒకరైనా ఆ ఉద్యోగం వైపు చూడాలని కోరుతూ ఈ నాలుగు మాటలు రాశాను. ఇంజనీరింగ్, డాక్టరీ కాక ఆ దారి కూడా ఉందని మాస్టార్లు చెబితే పిల్లలు తప్పక వింటారు.