మన విస్తరికి చరిత్ర రాసిన గద్వాల సీమ బిడ్డ



సెలవులు అయిపోయి బడి తెరిచాక పిల్లలు చెప్పుకునే కబుర్లు ఈ మధ్య మారాయి. ఒకప్పుడు చార్మినార్, జూ పార్కు అనేవారు. ఇప్పుడు హైదరాబాద్‌లో రామెన్ తిన్నాం అంటున్నారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ నుంచి పొద్దున్నే కారులో బయల్దేరి, పనులన్నీ చూసుకుని, మధ్యాహ్నం అలాంటి హోటల్లో కూర్చున్నవాళ్లు మీలోనూ ఉంటారు. లోతైన గిన్నెలో పొగలు కక్కే పులుసు, అందులో గోధుమ నూడుల్స్, పైన సగానికి కోసిన గుడ్డు, పక్కన రెండు పుల్లలు. పిల్లలు ముందు ఫోటో తీసుకుంటారు. మీరు మెనూలో కుడిపక్క అంకె చూసి ఒక్క క్షణం ఆగుతారు. అంత ధర పెట్టి ఆ సేమ్యా పులుసేమిటని వెంట వచ్చిన నానమ్మ ముఖం తిప్పుకుంటుంది.

నానమ్మ అనుమానం మరీ తప్పేమీ కాదు. రామెన్ పుట్టుకతో గొప్పింటి వంట కాదు. చైనా నుంచి వచ్చిన వంటవాళ్ల చేతిలో జపాన్ చేరింది. 1910లో టోక్యోలోని అసాకుసాలో రైరైకెన్ అనే దుకాణం దాన్ని మామూలు జనానికి అలవాటు చేసింది. కూలీలు, విద్యార్థులు, రాత్రి పనివాళ్లు నిలబడి తిన్న ఆ గిన్నెకే 2015 చివర్లో మిషెలిన్ స్టార్ దక్కింది. జపాన్ వాళ్లు తమ కూలివాడి గిన్నె ఎక్కడ మొదలైందో, ఏ ఊళ్లో ఏ పులుసు పోస్తారో పుస్తకాలు రాసి పెట్టుకున్నారు.

మరి మన సంగతి? మన పూర్వీకులు డబ్బిచ్చి బయట భోంచేసేవారా? ఏం తినేవారు? పిల్లలు ఈ ప్రశ్న అడిగితే, జవాబు వెతికిన మనిషి మన దగ్గరివాడే. ఆయన సురవరం ప్రతాపరెడ్డి. మీరు ఆయన విగ్రహాన్ని ట్యాంక్‌బండ్ మీద చూసే ఉంటారు. హైదరాబాద్‌లోని తెలుగు విశ్వవిద్యాలయానికి ఇప్పుడు ఆయన పేరే ఉంది.

ఆయన 1896 మే 28న పుట్టారు. స్వగ్రామం ఇటిక్యాలపాడు, ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లాలో ఉంది. తుంగభద్ర దాటితే కర్నూలు కాబట్టి చదువు అక్కడ సాగింది. తర్వాత హైదరాబాద్ నిజాం కాలేజీలో ఇంటర్, మద్రాసులో బీఏ, న్యాయశాస్త్రం. తెలుగుతో పాటు సంస్కృతం, ఉర్దూ, పారశీ, ఇంగ్లిషు నేర్చారు. ఏ భాషలో చదివితే పిల్లవాడు పైకొస్తాడని అడ్మిషన్ల వేళ మమ్మల్ని అడిగే తల్లిదండ్రులకు ఈ జాబితా ఒకసారి చూపించాలనిపిస్తుంది.

లాయరుగా ఎక్కువ కాలం నిలవలేదు. హైదరాబాద్ కొత్వాలు రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి పిలిస్తే వెళ్లి రెడ్డి హాస్టల్ బాధ్యతలు చూశారు. ఆ కొత్వాలు గారిదీ వనపర్తి ప్రాంతమే. పల్లెల నుంచి వచ్చిన కుర్రాళ్లు నగరంలో ఉండి చదువుకోవడానికి 1918లో పెట్టిన హాస్టల్ అది. పిల్లల్ని హాస్టల్లో వేసినవాళ్లకు ఆ పని బరువు ఎంతో వేరే చెప్పక్కర్లేదు. ప్రతాపరెడ్డి అక్కడ గ్రంథాలయాన్ని బాగా పెంచారు.

1926 మే 10న గోలకొండ పత్రిక మొదలైంది. బడుల్లో, కచేరీల్లో ఉర్దూ నడుస్తున్న రాజ్యంలో అది వారానికి రెండుసార్లు తెలుగులో వచ్చేది. చేతిలో డబ్బు తక్కువ, నెత్తిన సర్కారు ఆంక్షలు ఎక్కువ. వ్యాసాలు రాయడం నుంచి ప్రూఫులు దిద్దడం దాకా చాలా పనులు ఆయనే చేసుకునేవారు. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభకు ఆయనే అధ్యక్షుడు.

ఆ రోజుల్లో ఒక పండితుడు నిజాం రాజ్యంలో తెలుగు కవులు సున్నా అన్నట్టుగా రాశారు. ప్రతాపరెడ్డికి ఆ మాట గుచ్చుకుంది. కోపంతో నాలుగు వ్యాసాలు రాసి ఊరుకుని ఉండొచ్చు. ఆయన అలా చేయలేదు. పత్రిక ద్వారా ఊరూరి నుంచి పద్యాలు రప్పించారు. 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చయింది. అందులో 354 మంది కవులున్నారు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురం రాజధానిగా ఉన్న జటప్రోలు సంస్థానాలు కవుల్ని పోషించిన నేల మనది. గద్వాలకు విద్వద్గద్వాల అనే పేరు ఊరికే రాలేదు. అలాంటి నేల మీద పుట్టినవాడికి ఆ సున్నా మింగుడుపడకపోవడం సహజమే. కానీ జవాబును పేర్ల జాబితాగా ఇవ్వాలని తోచడం, దాన్ని పూర్తి చేసేదాకా వదలకపోవడం మాత్రం ఆయన ప్రత్యేకత.

ఇక విస్తరి సంగతికి వద్దాం.

బడి పుస్తకాల్లో చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు, పట్టాభిషేకాలు. ప్రతాపరెడ్డికి ఇది నచ్చలేదు. ఆ రాజుల కాలంలో మామూలు మనిషి ఏం తిన్నాడు, ఏం కట్టాడు, ఏ ఆట ఆడాడు, ఏ దేవతకు మొక్కాడు, సంతలో ఏం కొన్నాడు అనేది ఆయన ప్రశ్న. శాసనాలు దానాల సంగతి చెబుతాయి కానీ ఇంట్లో ఉడికిన కూర గురించి చెప్పవు. అందుకే ఆయన కావ్యాల్లో వెతికారు. అందరూ అలంకారాల కోసం చదివే పద్యాలను ఈయన గిన్నెలు, చీరలు, నాణేల కోసం చదివారు. అలా తయారైన ఆంధ్రుల సాంఘిక చరిత్ర 1949లో వచ్చింది. తూర్పు చాళుక్యుల నుంచి 20వ శతాబ్దం మొదటిదాకా, సుమారు వెయ్యేళ్ల జనజీవితం అందులో ఉంది.

ఆయన ఆధారాల్లో ఒకటి క్రీడాభిరామం. సుమారు 600 ఏళ్ల కిందటి రచన. ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వీధుల్లో ఒక రోజంతా తిరుగుతారు. ఆకలేస్తే పూటకూళ్లింటికి వెళ్లాలి. డబ్బు తీసుకుని పూటకు భోజనం పెట్టే ఇల్లే పూటకూళ్లిల్లు, అంటే ఆనాటి హోటల్. అందులో లక్ష్మణవజ్ఝల అనే ఆయన ఇంటికి మంచి పేరు. ఒక రూక ఇస్తే ఏమేం వడ్డిస్తారో కవి వరసగా చెప్పాడు. కప్పురభోగి అనే మేలురకం బియ్యపు అన్నం, గోధుమపిండి వంటకం, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్లు, నంజుకోవడానికి నాలుగైదు రకాలు, చివర్లో గడ్డపెరుగు. ధర కూడా ముందే తెలిసిపోతుంది. ఇది మెనూ కార్డు కాక మరేమిటి? మన దగ్గర మంచి హోటల్ భోజనం నిన్న మొన్న మొదలైంది కాదని పిల్లలకు చెప్పాలంటే ఈ ఒక్క పద్యం చాలు.

శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యద ఇంకో గని. విష్ణుచిత్తుడి ఇంటికి వచ్చే అతిథులకు ఏ కాలంలో ఏం పెట్టేవారో రాయలు వివరించాడు. వానాకాలంలో వరి అన్నం, పప్పు, పోపు పెట్టిన కూరలు, వరుగులు, వడియాలు, పెరుగు. ఎండాకాలంలో గోరువెచ్చని అన్నం, తియ్యని చారు, పలుచని అంబలి, చెరకురసం, లేత కొబ్బరినీళ్లు, నీళ్లమజ్జిగ. చలికాలంలో మిరియాల పొడి చల్లిన వేడి కూరలు, ముక్కు అదిరిపోయేలా ఆవపిండి వేసిన పచ్చళ్లు, కరిగిన నెయ్యి. గమనించారా, కారమంటే ఇక్కడ మిరియం, ఆవాలు. మిరపకాయ అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడల్లో వచ్చింది, మన వంటింట్లో స్థిరపడటానికి తర్వాత చాలా కాలం పట్టింది. మిరపకాయ లేని తెలుగు భోజనాన్ని మీ ఇంట్లో పిల్లలకు ఊహించమని చెప్పి చూడండి.

ఈ విస్తళ్లన్నీ కలిగినవాళ్లవి అని మీకు అనిపించి ఉంటుంది. అది నిజమే. కూలివాడు కప్పురభోగి తినలేదు. మన వైపు పొలాల్లో పనిచేసినవాళ్లకు జొన్నరొట్టె, గటక, అంబలి, పక్కన ఉల్లిగడ్డ. శ్రీనాథుడివని చెప్పుకునే చాటుపద్యాల్లో పల్నాడు జొన్నకూటి మీద వేళాకోళం కనిపిస్తుంది. సన్నన్నానికి అలవాటుపడ్డ నోటికి జొన్న ఎగతాళి అయింది. ప్రతాపరెడ్డి గొప్పతనం ఏమిటంటే, కవులు గౌరవంగా చెప్పినదాన్నీ నవ్వుతూ చెప్పినదాన్నీ ఒకే పుస్తకంలోకి తెచ్చారు. జొన్న తిన్నవాళ్ల బతుకు కూడా చరిత్రే అన్నది ఆయన లెక్క.

ఆ ఎగతాళి ఇంకా పోలేదు. డబ్బాలో జొన్నరొట్టె పెడితే పక్కవాళ్లు నవ్వుతారని మూత సగమే తీసే పిల్లలున్నారు. అదే జొన్నరొట్టెను నగరంలో పెద్ద హోటళ్లు మిల్లెట్ మెనూ అని పేరు పెట్టి అమ్ముతున్నాయి. రామెన్ తినొద్దని మేం అనడం లేదు, నిక్షేపంగా తినిపించండి. డబ్బా మూత సంగతే మమ్మల్ని కాస్త బాధపెడుతోంది. అందుకే వచ్చే నెల తెలుగు ప్రాజెక్టుగా ప్రతి విద్యార్థీ ఒక పేజీ తేవాలి. అమ్మమ్మనో తాతయ్యనో అడిగి, వాళ్ల చిన్నతనంలో ఇంట్లో ఏ కాలంలో ఏం వండేవారు, మొదటిసారి హోటల్లో ఎక్కడ తిన్నారు, ఎంత ఇచ్చారు అనేవి రాసుకురావాలి. దయచేసి మీరే రాసి ఇవ్వకండి. పెద్దవాళ్ల మాటలు పిల్లల చేతిరాతలోనే కావాలి.

ప్రతాపరెడ్డి 1952లో వనపర్తి నుంచి హైదరాబాద్ శాసనసభకు గెలిచారు. ఆ పదవిలో ఎక్కువ కాలం ఉండలేదు. 1953 ఆగస్టు 25న కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 57 ఏళ్లు. కేంద్ర సాహిత్య అకాడమీ 1955లో మొదటిసారి పురస్కారాలు ఇచ్చినప్పుడు తెలుగుకు ఎంచుకున్నది ఆంధ్రుల సాంఘిక చరిత్రనే. అందుకోవడానికి ఆయన లేరు. ఆ పుస్తకం ఇప్పటికీ దొరుకుతోంది, పై తరగతుల పిల్లలు సులభంగానే చదవగలరు. మొదటి పేజీ నుంచే మొదలుపెట్టాలని లేదు, వంటలున్న చోట తెరిచినా సరే.