మన హైదరాబాదు ఫుట్‌బాల్ గురువు: సయ్యద్ అబ్దుల్ రహీం



ఈసారి గోడపత్రికకు నేను ఒక సారు జీవితం రాస్తున్న. ఆయన రాజు కాదు, మంత్రి కాదు. బడిలో పాఠాలు చెప్పిన పంతులు. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. అందరూ రహీం సాబ్ అనేవారు. మన దేశానికి ఫుట్‌బాల్‌లో రెండుసార్లు ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చిన గురువు ఆయనే.

రహీం గారు 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి డిగ్రీ తీసుకున్నారు. ఆ విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ జట్టులో ఆడారు కూడా. తర్వాత బడిపంతులు అయ్యారు. కాచిగూడ మిడిల్ స్కూల్లో, చాదర్‌ఘాట్ హైస్కూల్లో పనిచేశారు. మన ఇబ్రహీంపట్నంలో బస్సెక్కి సాగర్ రోడ్డు మీద సిటీకి పోతే, దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట దాటినంక చాదర్‌ఘాట్ వస్తది. నేను ఆ దారిన ఎన్నిసార్లు పోయిన్నో. అక్కడి పంతులే దేశం జట్టును తయారు చేసిండని నాకు అప్పుడు తెల్వదు.

ఆయన వ్యాయామ విద్యలో కూడా డిప్లొమా చేశారు. ఆటల సారంటే విజిల్ ఊదే సారు అని మనం అనుకుంటం. రహీం గారు మాత్రం ఆటను కూడా లెక్కల పాఠం లాగ ఆలోచించి చెప్పేవారు.

1943లో ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు శిక్షణ ఇచ్చారు. అప్పుడు ఫుట్‌బాల్ అంటే కలకత్తాదే పేరు. అయినా మన పోలీసు జట్టు 1950లో డ్యూరాండ్ కప్పు ఫైనల్లో కలకత్తా మోహన్ బగాన్‌ను ఓడించింది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరుసగా 5 సార్లు గెలిచింది.

ఇది ఎట్ల అయింది? రహీం గారు కొత్త రకం పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో బాలు కాలికి తగలంగనే పక్కవాళ్లకు ఇచ్చెయ్యాలి. తనొక్కడే తిప్పుకుంట పోవుడు కుదరదు. ఇంకో పోటీలో ఏ కాలు బలం లేదో ఆ కాలుతోనే తన్నాలి. కుడికాలు వాటం ఉన్నవాళ్లు ఎడమకాలుతో ఆడాలి. మొదట్లో నవ్వులాట లెక్క ఉంటదేమో గాని, కొన్ని రోజులకు రెండు కాళ్లూ పనికొస్తయి. మన గ్రౌండులో ఎట్ల ఆడుతమో మీకు తెలుసు. బాలు దొరికిన పిల్ల ఎవ్వరికీ ఇయ్యదు. కొత్తగా వచ్చిన ఆరో తరగతి పిల్లలు ఆట అయిపోయేదాక ఒక్కసారి కూడా బాలు ముట్టరు.

రహీం గారు బీద పిల్లలను కూడా వెతికి పట్టుకున్నారు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అనే పిల్లవాడు ఉండేవాడు. బాగా ఆడేవాడు. కానీ శిక్షణకు సిటీ దాకా రావడానికి పైసలు లేవు. రహీం గారు అద్దె సైకిలుకు పైసలిచ్చి రమ్మన్నారు. ఆ బలరాం 1956, 1960 ఒలింపిక్స్‌లో దేశం తరఫున ఆడాడు. మా ఇంట్ల బడికొచ్చిన మొదటి పిల్లను నేనే. మా నాయన వేలిముద్రే వేస్తడు. బస్సు కిరాయి లేక తండాలో ఆగిపోయిన పిల్లలు నాకు తెలుసు. అందుకే ఈ సైకిలు సంగతి చదివినప్పుడు నాకు కప్పుల కంటె ఇదే పెద్దగ అనిపించింది.

రహీం గారు భారత జట్టుకు గురువు అయ్యారు. 1951లో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగినయి. మన జట్టు ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం గెలిచింది. కానీ 1952లో ఫిన్లాండ్ దేశం హెల్సింకిలో ఒలింపిక్స్‌కు పోతే యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయింది. అక్కడ చలి. మన ఆటగాళ్లలో చాలామంది ఒట్టి కాళ్లతో ఆడారు. ఆ ఓటమి తర్వాత దేశంలో ఫుట్‌బాల్‌కు బూట్లు తప్పనిసరి చేశారు.

ఈ మాట మనం ఆలోచించాలి. అడవి పిల్లల పాదాలు గట్టివి, వాళ్లకు బూట్లెందుకు అని కొందరు అంటరు. మెచ్చుకున్నట్టే ఉంటది. కానీ ఒట్టి కాళ్లతో ఉరుకుడు మనం కోరుకున్నది కాదు, బూట్లు లేక ఉరుకుతున్నం. అంత గొప్ప ఆటగాళ్లకే బూట్లు అవసరమైతే మనకు వద్దా?

నాలుగేండ్లకే ఆ జట్టు మారిపోయింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను వాళ్ల ఊర్లోనే 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా 3 గోల్స్ కొట్టాడు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్‌కు చేరిన మొదటి ఆసియా దేశం మనదే. చివరికి నాలుగో స్థానం వచ్చింది.

1962లో ఇండోనేషియా దేశం జకార్తాలో ఆసియా క్రీడలు. అప్పటికి రహీం గారికి ఊపిరితిత్తుల క్యాన్సర్. అయినా జట్టుతో పోయారు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా మన వాళ్లను 2-0తో ఓడించింది. తర్వాత మనం థాయిలాండ్‌ను, జపాన్‌ను గెలిచినం. థాయిలాండ్ ఆటలో జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డయి. ఆయన వెనక ఉండి గోల్ పడకుండ అడ్డుకునే ఆటగాడు. రహీం గారు ఆయనను సెమీఫైనల్లో, ఫైనల్లో ముందు వరుసలో నిలబెట్టారు. ఎవరూ అనుకోని ఎత్తు అది.

సెప్టెంబరు 4న ఫైనల్. మళ్లీ అదే దక్షిణ కొరియా. ఇజ్రాయెల్‌ను, తైవాన్‌ను ఆటలకు రానియ్యకపోవడాన్ని మన దేశపు అధికారి ఒకరు తప్పుపట్టినందుకు అక్కడి జనానికి మన మీద మస్తు కోపం. దగ్గర దగ్గర లక్ష మంది మన జట్టును చూసి కేకలు పెట్టారు. ముందురోజు రాత్రి రహీం గారు తన పిల్లలను ఒక కానుక అడిగారు. అది బంగారు పతకం. పి.కె. బెనర్జీ ఒక గోల్, తలకు కుట్లతో ఉన్న జర్నైల్ సింగ్ ఒక గోల్ కొట్టారు. 2-1తో మన జట్టు గెలిచింది.

ఆ తర్వాత తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న రహీం గారు చనిపోయారు. అప్పుడు ఆయన వయసు 53 ఏండ్లు. గురువులకు ఇచ్చే ద్రోణాచార్య అవార్డు 1985లో గాని మొదలు కాలేదు. ఆయన కథతో మైదాన్ అనే హిందీ సినిమా 2024లో వచ్చింది. 1962 తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన మగవాళ్ల జట్టుకు మళ్లీ బంగారు పతకం రాలేదు. 1970లో కాంస్యం వచ్చింది, అంతే.

మేడంలారా, మా మనవి ఒకటే. వచ్చే ఆటల సామాను జాబితాలో బాలుతో పాటు బూట్లు కూడా రాయండి. అన్ని సైజులవి కొన్ని ఉన్నా చాలు, మేము వంతులు పెట్టుకుంటం. మిత్రులారా, ఈ ఆదివారం టిఫిన్ అయినంక గ్రౌండుకు రండి. అందరం ఎడమకాలుతోనే ఆడుదాం. ఎడమకాలు వాటం ఉన్నోళ్లు కుడికాలుతో. ఆరో తరగతి పిల్లలు ముట్టనిదే గోల్ లెక్కకు రాదు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని