పేడపురుగును చదివిన బడిపంతులు

పేడను ఉండగా చేసి, తలక్రిందుగా నిలిచి, వెనుక కాళ్లతో దొర్లించుకొనిపోయే నల్లని పురుగును చూచి అసహ్యించుకొనేవారే అధికం. పూర్వపు ఈజిప్టువారు మాత్రం సూర్యబింబాన్ని నడిపే దేవతకు ప్రతిరూపంగా దానిని పూజించినారు. దాని నిజమైన కథను లోకానికి తెలిపినవాడు ఫ్రాన్సు దేశపు బడిపంతులు జీన్ హెన్రీ ఫాబర్.

ఆయన 1823లో ఒక నిరుపేద కుటుంబంలో జన్మించినాడు. విద్యార్థి వేతనంతో ఉపాధ్యాయ శిక్షణ పొంది, 1842లో ప్రాథమిక పాఠశాలలో చేరినాడు. పగలు పాఠాలు చెప్పుచు, రాత్రులు తానే చదువుకొని, 1855లో డాక్టరు పట్టం గడించినాడు. అవిన్యాన్ నగరంలో ఉండగా, బాలికలకు పుష్పాల ఫలదీకరణను బోధించినాడన్నది ఆయన పాలిట నేరమైనది. మతాభిమానులు ఆగ్రహించినారు, అద్దె యిల్లు విడువవలసి వచ్చినది. 1870 ప్రాంతంలో ఉద్యోగం కూడ పోయినది. ఆంగ్ల తత్త్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ అప్పిచ్చి ఆదుకొన్నాడు. పాఠ్యపుస్తకాలు వ్రాసి ఫాబర్ ఆ ఋణం తీర్చుకొన్నాడు.

1879లో సెరిన్యాన్ గ్రామంలో రాళ్లతో నిండిన బీడు కొని, దానినే ప్రయోగశాలగా చేసికొన్నాడు. పురుగు దొర్లించే ఉండలో గ్రుడ్డు ఉంటుందని అంతవరకు పండితుల నమ్మకం. ఫాబర్ ఎన్నో ఉండలు చిదిపి చూచినాడు, గ్రుడ్డు లేదు. అది కేవలం ఆ పురుగు భోజనం! సాయపడవచ్చినట్లు కనిపించే రెండవ పురుగు తరచుగా దొంగయే. మరి గ్రుడ్డు ఎక్కడ? ఆ ప్రశ్న ఆయనను ఏండ్ల తరబడి వేధించినది. తుదకు ఒక గొఱ్ఱెల కాపరి కుఱ్ఱవాడు నేల త్రవ్వి, బేరిపండు ఆకారం గల పేడముద్దను తెచ్చి ఇచ్చినాడు. దాని సన్నని మెడలో గ్రుడ్డున్నది. అచ్చటికి గాలి సులభంగా అందుతుంది. లావైన భాగం పిల్లపురుగుకు ఆహారం. గట్టిపడిన పైపొర లోపలి తేమను కాపాడుతుంది. తొలి సంపుటంలో అసంపూర్తిగా మిగిలిన ఈ కథను 1897లో, ఐదవ సంపుటంలో ఆయన పూర్తి చేసినాడు. డాక్టరు పట్టం గల పండితునికి దారి చూపినది ఒక కాపరి బాలుడని దాచక చెప్పినాడు.

ఫాబర్ 1915లో కన్నుమూసినాడు. సుమారు అర్ధశతాబ్ది గడచిన పిమ్మట ఆ పురుగుల విలువను ఆస్ట్రేలియా గ్రహించినది. అచ్చటి స్థానిక పేడపురుగులు కంగారూల పెంటికలకు అలవాటుపడినవి. పరదేశం నుండి తెచ్చిన పశువుల పేడను అవి చాలినంతగా పాతిపెట్టలేకపోయినవి. పేడ పచ్చికబయళ్లపై ఎండి పేరుకొన్నది; ఈగలు ప్రబలినవి. 1960ల దశకంలో ఆఫ్రికా, ఐరోపా ఖండాలనుండి పేడపురుగులను తెప్పించి విడువనారంభించినారు. అవి పేడను పాతిపెట్టి నేలకు సారమిస్తవి. బొరియలు త్రవ్వి గాలిని, నీటిని లోనికి పంపుతవి. ఈగల పెంపకాన్ని తగ్గిస్తవి.

తరగతిగదికి దూరమైనా ఫాబర్ బోధన మానలేదు. ఆయన గ్రంథమే ఆయనకు బడి. కాలిక్రింది పురుగే పాఠం.