లూయీ బాషెలియే

లూయీ బాషెలియే (1870 మార్చి 11 - 1946 ఏప్రిల్ 28) ఫ్రాన్సు దేశానికి చెందిన గణిత శాస్త్రవేత్త. మార్కెట్టు ధరల కదలికలను సంభావ్యతా సిద్ధాంతంతో వివరించి, ఆర్థిక గణితశాస్త్రానికి ఆద్యుడిగా పేరు పొందాడు. ఇతని కృషికి విస్తృతమైన గుర్తింపు మరణానంతరమే లభించింది.

బాల్యం, విద్య

బాషెలియే లె హావ్ర్ అనే రేవు పట్టణంలో జన్మించాడు. తండ్రి ద్రాక్షసారా వ్యాపారి. 1889లో తల్లిదండ్రులిద్దరూ మరణించడంతో చదువు ఆపి కుటుంబ వ్యాపారాన్ని చేపట్టాడు. సైనిక సేవ ముగించుకొని 1892లో పారిస్ చేరి, సోర్బాన్‌లో చదువు కొనసాగించాడు.

సిద్ధాంత వ్యాసం

1900 మార్చి 29న స్పెక్యులేషన్ సిద్ధాంతంపై తన పరిశోధనా వ్యాసాన్ని సమర్థించుకున్నాడు. ప్రఖ్యాత గణితవేత్త హెన్రీ పాంకారే దీనిని పరిశీలించాడు. పారిస్ మార్కెట్టులో ప్రభుత్వ బాండ్లపై జరిగే ఆప్షన్ల వ్యాపారం ఇందులోని అంశం.

ధర పెరుగుతుందని కొనేవాడు, తగ్గుతుందని అమ్మేవాడు ఇద్దరూ ఉంటేనే బేరం కుదురుతుంది. కాబట్టి ఆ క్షణంలో స్పెక్యులేటరు ఆశించదగిన సగటు లాభం సున్నా అని బాషెలియే ప్రతిపాదించాడు. ధర ఎంత దూరం చెదురుతుందనేది కాలవ్యవధి వర్గమూలాన్ని అనుసరించి పెరుగుతుందని కూడా చూపాడు. ఉదాహరణకు రూపాయి పందెంతో నాణెం 100 సార్లు ఎగురవేస్తే లాభనష్టాల ప్రామాణిక విచలనం 10 రూపాయలు. 400 సార్లు ఎగురవేస్తే 20 రూపాయలే. ఇదే గణితాన్ని 1905లో ఐన్‌స్టీన్ ద్రవంలోని సూక్ష్మకణాల చలనానికి స్వతంత్రంగా కనుగొన్నాడు.

చార్టులు, అదృష్టం

చార్టులలో కనిపించే హెడ్ అండ్ షోల్డర్స్, డబుల్ టాప్ వంటి ఆకృతులను బట్టి రాబోయే ధరను ఊహించడం మదుపరులలో వాడుక. 1959లో అమెరికాకు చెందిన హ్యారీ రాబర్ట్స్ కేవలం యాదృచ్ఛిక సంఖ్యలతో చార్టులు గీసి, వాటిలోనూ అటువంటి ఆకృతులే ఏర్పడతాయని చూపాడు. దీనివల్ల చార్టులన్నీ నిరర్థకమని రుజువు కాలేదు. అయితే ఆకృతి కనిపించడమే ఆధారం కాదని, అది ఫలించిన సందర్భాలతో పాటు విఫలమైనవి కూడా లెక్కించాలని తేలింది.

మదుపరుల విజయానికీ ఇది వర్తిస్తుంది. 1024 మంది బొమ్మా బొరుసా వేసి మార్కెట్టు దిశను చెబితే, సగటున ఒకరి జోస్యం వరుసగా పదిసార్లు నిజమవుతుంది. అది నైపుణ్యం కాదు.

సిద్ధాంత పరిమితులు

బాషెలియే నమూనాలో అతి పెద్ద ఒడుదొడుకులు చాలా అరుదు. వాస్తవంలో అవి అంతకంటే తరచుగా సంభవిస్తాయని 1963లో బెన్వా మాండెల్‌బ్రో పత్తి ధరల ఆధారంగా వివరించాడు. 2009 జనవరి 7న హైదరాబాదుకు చెందిన సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం బయటపడినప్పుడు, ఆ షేరు ఒక్కరోజులోనే నాలుగింట మూడు వంతులకు పైగా విలువ కోల్పోయింది. నాణెం లెక్కకు అందని ఇటువంటి పతనాలే మదుపరులను ఎక్కువగా దెబ్బతీస్తాయి.

ఉద్యోగ జీవితం

వ్యాసానికి అత్యున్నత శ్రేణి దక్కకపోవడంతో బాషెలియేకు స్థిరమైన ఉద్యోగం లభించలేదు. 1909 నుండి సోర్బాన్‌లో ఉపన్యాసాలు ఇచ్చాడు. 1914లో జూదం, అదృష్టం, యాదృచ్ఛికతలపై సామాన్య పాఠకుల కోసం ఒక పుస్తకం ప్రచురించాడు. అదే ఏడాది మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడిగా చేరవలసి వచ్చింది. యుద్ధానంతరం బెజాన్సాన్, డిజాన్, రెన్ పట్టణాలలో తాత్కాలికంగా బోధించాడు. 1926లో డిజాన్‌లో ఆచార్య పదవికి ప్రయత్నించగా, ఇతని రచనలో తప్పుందని పాల్ లెవీ ఇచ్చిన అభిప్రాయం అడ్డు వచ్చింది. ఆ అభిప్రాయం పొరపాటని లెవీ తరువాత గ్రహించి క్షమాపణ కోరాడు. చివరకు 57 ఏళ్ళ వయసులో, 1927లో బెజాన్సాన్‌లో శాశ్వత పదవి లభించింది. 1937లో పదవీ విరమణ చేశాడు.

మరణానంతర గుర్తింపు

1950లలో లియొనార్డ్ సావేజ్, పాల్ శామ్యూల్సన్ ఇతని రచనలను తిరిగి వెలుగులోకి తెచ్చారు. 1973లో వెలువడిన బ్లాక్-షోల్స్ ఆప్షన్ ధర సూత్రం ఇతడు వేసిన మార్గంలోనిదే. భారతదేశంలోని స్టాక్ ఎక్స్ఛేంజీలలో ఆప్షన్ల వ్యాపారం 2001లో ప్రారంభమైంది.