తన గురించి చెప్పుకోని డాక్టర్

జాబ్ అప్లికేషన్‌లో ‘రిఫరెన్స్’ గడి దగ్గర ఎప్పుడైనా ఆగిపోయారా? ఎవరి పేరు ఇవ్వాలి, ఆయన మన గురించి ఏం రాస్తారో అని? అయితే భీమవరంలో 1895లో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు కథ మీ కోసమే.

మెట్రిక్ ఆయన మూడో ప్రయత్నంలో గానీ పాసవలేదు. తర్వాత మద్రాస్ మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీజీ పిలుపు విని ఖద్దరు సర్జికల్ గౌను వేసుకుంటే, సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు నచ్చలేదు. రాత పరీక్షలు బాగానే రాసినా చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్. విడిగా లెటర్ రాయక్కర్లేకుండానే ఒక మాస్టారి అభిప్రాయం ఆ మూడక్షరాల్లో వెళ్లిపోయింది! ఖద్దరు గొడవ సర్టిఫికెట్ మీద ఉండదు కదా. చూసేవాళ్లకి కనిపించేది చిన్న డిగ్రీ ఒక్కటే. మద్రాస్ మెడికల్ సర్వీస్‌లో ఉద్యోగం రాలేదు. ఆయుర్వేద కాలేజీలో అనాటమీ చెప్పారు.

1922లో మామగారి సాయంతో బోస్టన్ వెళ్లి హార్వర్డ్ ట్రాపికల్ మెడిసిన్ స్కూల్లో చేరారు. ఖర్చుల కోసం ఆస్పత్రిలో నైట్ పోర్టర్‌గా రోగుల బెడ్‌పాన్లు కడిగారు. డాక్టరే, కానీ అక్కడ వైద్యం చేసే అర్హత లేదు.

ఆ తర్వాత సైరస్ ఫిస్కే ల్యాబ్‌లో చేరాక కథ మారింది. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో నీలి రంగు చిక్కదనాన్ని బట్టి లెక్కకట్టే పద్ధతిని ఇద్దరూ 1925లో ప్రచురించారు. ఆపై ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ. మన కండరాలకు శక్తి ఎక్కణ్నుంచి వస్తుందో చెప్పిన పని అది. పేపర్ మీద ముందు ఫిస్కే, తర్వాత సుబ్బారావు. ఎవరు ఎంత చేశారో బయటివాళ్లకి ఎలా తెలుస్తుంది? ఈయన చెప్పుకునే మనిషి కాదు. ఫిస్కే అసూయ వల్ల సుబ్బారావు పని కొంత వెలుగు చూడలేదని, దాన్ని తర్వాత వేరేవాళ్లు మళ్లీ కనిపెట్టాల్సి వచ్చిందని నోబెల్ గ్రహీత హిచింగ్స్ చాలా ఏళ్లకు చెప్పారు. హార్వర్డ్ ఆయనకు పర్మినెంట్ పోస్టు ఇవ్వలేదు.

ఈ మౌనాన్ని గొప్ప గుణమని మెచ్చుకోవడం మనకు అలవాటు. నాకైతే అది చాలా ఖరీదైన గుణం అనిపిస్తుంది. టీమ్ ప్రాజెక్టు చేసినవాళ్లు మీ గైడ్‌ని లెటర్ అడిగేటప్పుడు, అందులో మీరు చేసిన భాగం ఏదో ఒక పేజీలో రాసి ఇవ్వండి. ‘కష్టపడే విద్యార్థి’ అన్న లైన్ అందరి లెటర్లలోనూ ఉంటుంది.

1940లో లెడర్లీ ల్యాబ్స్‌కి మారారు. అక్కడ ఆయన బృందాల నుంచి ఫోలిక్ యాసిడ్ తయారీ, క్యాన్సర్‌కు వాడే మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్ వచ్చాయి. మన ఊళ్లలో బోదకాలు రాకుండా పంచే డీఈసీ మాత్ర కూడా అక్కడిదే. ఆరియోమైసిన్ పేరు మాత్రం డగ్గర్‌కు వెళ్లింది. 1948లో, 53 ఏళ్లకే సుబ్బారావు పోయారు.

బయోకెమిస్ట్రీ చదివే ఫ్రెండ్ ఎవరైనా ఉంటే ఆ నీలి రంగు పరీక్ష పేరు అడగండి. ఇప్పటికీ ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనే అంటారు.