మూలుగ గుట్టు విప్పిన భీమవరం బిడ్డ

మన బీదర్ పిల్లలు ఇంట్లో బొక్క అంటారు, పుస్తకంలో ఎముక అని చదువుతారు, వీధిలో ఎలుబు, హడ్డీ అని వింటారు. కన్నడంలో మూళె అంటే ఎముక. మనకు మూలుగ అంటే ఎముక లోపలి మెత్తని పదార్థం. బడిలో 206 ఎముకల బొమ్మ చూపి పేర్లు వల్లె వేయిస్తాం గానీ, ఆ లోపలి సంగతికి రాము. దానికి యల్లాప్రగడ సుబ్బారావు జీవితం మంచి దారి.

1895లో భీమవరంలో పుట్టిన ఆయన మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని గట్టెక్కలేదు (తల్లిదండ్రులు గమనించాలి). స్ప్రూ అనే జబ్బు కొద్ది రోజుల తేడాతో ఇద్దరు సోదరులను తీసుకుపోయింది. అందులో పేగు ఆహారాన్ని పీల్చుకోదు, రక్తం తగ్గిపోతుంది. ఆయనకూ వచ్చింది, బతికి బయటపడ్డారు.

మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్లారు. 1925లో హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ప్రకటించారు. ఎముకకు గట్టిదనమిచ్చేది కాల్షియం, ఫాస్ఫరస్‌ల కలయికే. ఒంట్లోని ఫాస్ఫరస్‌లో సుమారు 85 శాతం ఎముకల్లో, పళ్లలో ఉంటుంది. పిల్లల కాళ్లు వంగిపోయే రికెట్స్‌లో రక్తంలో అది ఎంతుందో చూస్తారు.

అసలు కథ మూలుగది. రక్తకణాలు పుట్టేది అక్కడే. అందుకు ఫోలిక్ ఆమ్లం కావాలి. 1945లో లెడర్లీ సంస్థలో సుబ్బారావు బృందం దాన్ని తయారు చేసింది. స్ప్రూ రోగులకు మందైంది. సోదరులు పోయి అప్పటికి చాలా ఏళ్లయింది. ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే అమినోప్టెరిన్‌నూ ఆ బృందమే చేసింది. మూలుగలో కణాలు అదుపు తప్పి పెరిగే లుకేమియా పిల్లలకు బోస్టన్‌లో డాక్టర్ ఫార్బర్ దాన్ని ఇచ్చారు. కొందరు కొన్నాళ్లు తేరుకున్నారు. ఆ ఫలితాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి. ఆగస్టులో సుబ్బారావు 53 ఏళ్లకే కన్నుమూశారు.