ఆర్చ్ క్లంఫ్ - అక్షయనిధి

సేవాసంఘములలో అధ్యక్షపదవి యొక సంవత్సరముతో సరి. జూలై మాసమున మెడలో పడిన పతకహారము మరు జూన్ ముగియునప్పటికి మరియొకరి మెడకు చేరును. ఈ పండ్రెండు మాసములలో తన పేర నేదేని ఘనకార్యము జరుగవలెనను ఆతురత అధ్యక్షులకు సహజము. దానిని మేము తప్పుపట్టము. కాని అందువలన కలిగిన యలవాటొకటి గలదు. దుప్పట్ల పంపిణీ యనిన, ఆసుపత్రిలో పండ్ల పంపిణీ యనిన, నేత్రవైద్య శిబిరమనిన గడియలో చందాలు పోగగును, ఛాయాచిత్రములును పడును. ఏటేట క్రమము తప్పక కొంత సొమ్ము శాశ్వతనిధికి ఇండని కోశాధికారి అడిగినప్పుడు మాత్రము సభలో అందరి చూపులును గడియారము మీదికి పోవును.

ఈ మౌనము క్రొత్తది కాదు. నూరేండ్లకు పూర్వమే దీని నెదుర్కొని, ముప్పది సంవత్సరములు దానితో కాపురము చేసిన మనుజుడొకడు కలడు. ఆయన పేరు ఆర్చ్ క్లంఫ్. రోటరీ సంఘమును 1905 ఫిబ్రవరి 23వ తేదీన షికాగో నగరమున స్థాపించిన న్యాయవాది పాల్ హారిస్ పేరు లోకమెరుగును. క్లంఫ్ పేరు సంఘసభ్యులకు తెలిసినంతగా బయటివారికి తెలియదు. ఆయన యిచ్చిన యాలోచనయో, మన పల్లెలలోని పసిబిడ్డల నోటి వరకును వచ్చినది.

క్లంఫ్ 1869 జూన్ 6వ తేదీన అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున కన్నోట్‌విల్ అను చిన్న గ్రామమున జన్మించెను. కుటుంబము ఒహాయో రాష్ట్రమునందలి క్లీవ్లండు నగరమునకు చేరెను. ఇంటి జరుగుబాటుకు తానును తోడ్పడవలసివచ్చి, బాల్యముననే బడి మానెను. చదువుమీద మమకారము మాత్రము మానలేదు. పగలు పనిచేసి రాత్రిపాఠశాలకు పోవుచుండెను. ట్రాము బండి కూలికి చేత డబ్బులేక నాలుగు మైళ్ళు కాలినడకనే పోవుచుండెడివాడట. కయహోగా కలపకంపెనీలో ఆఫీసు కుర్రవానిగా చేరి, క్రమముగా పైకివచ్చి, తుదకా కంపెనీకే యజమాని యయ్యెను. బ్యాంకు వ్యవహారములలోను, ఓడల వ్యాపారములోను ఆయనకు చేయి ఉండెను. ఇన్నింటి నడుమను వేణువును విడువలేదు. క్లీవ్లండు నగర వాద్యబృందమున పదునాలుగేండ్లు వేణువు వాయించెను. తన వంతు స్వరము వచ్చువరకు ఓపికతో లెక్కపెట్టుచు కూర్చుండుట వాద్యబృందములో వేణువాద్యకునకు నిత్యకృత్యము. ఈ విద్య ఆయనకు తరువాతి జీవితమున మిక్కిలి అక్కరకు వచ్చినది.

క్లీవ్లండులో రోటరీ క్లబ్బు ఏర్పడగా క్లంఫ్ మొదటి సభ్యులలో ఒకడుగా చేరెను. 1913లో ఆ క్లబ్బునకు అధ్యక్షుడయ్యెను. నాటి రోటరీ క్లబ్బులు సేవ యను మాటను ఇంకను నేర్చుకొనుచున్న దశలో ఉండెను. ఒక్కొక్క వృత్తినుండి ఒక్కొక్కరు చొప్పున చేరి, వారమునకొకమారు కలిసి భోజనము చేసి, పరస్పరము వ్యాపారమునకు తోడ్పడుటయే పలువురి కోరిక. అట్టి కాలమున, తన యేడు ముగియుచుండగా క్లంఫ్ తన క్లబ్బువారికొక సూచన చేసెను. ముందెపుడో రాబోవు మంచిపనులకొరకు ఇప్పటినుండియే ఒక నిధిని కూర్పవలెననుట దాని సారము. గమనింపుడు: పదవిలో ప్రవేశించుచు చేసిన సూచన కాదు, దిగిపోవుచు చేసిన సూచన. తాను ఖర్చుపెట్టజాలని సొమ్మును కూడబెట్టుడని చెప్పుట యన్నమాట.

నాలుగేండ్లు గడచెను. ఈ నడుమ క్లంఫ్ సమస్త రోటరీ క్లబ్బులకును నియమావళి యేర్పరచుటలో పాటుపడెను. క్లబ్బులను జిల్లాలుగా విభజించి జిల్లాకొక గవర్నరు నుంచు పద్ధతిలోను ఆయన చేయి గలదు. 1916-17 సంవత్సరమునకు సమాఖ్యకే అధ్యక్షుడయ్యెను. ఆ యేడును ముగియవచ్చినది. 1917 జూన్ మాసమున జార్జియా రాష్ట్రములోని అట్లాంటా నగరమున మహాసభ కూడెను. అమెరికా యూరపు యుద్ధమున దిగి అప్పటికి రెండు నెలలు. ఎవరి నోట చూచినను యుద్ధఋణపత్రముల మాట, రెడ్‌క్రాసు మాట. అట్టి సభలో, మరల పదవి దిగిపోవుచునే, క్లంఫ్ తన పాత సూచనను పెద్దది చేసి వినిపించెను. లోకమున దానధర్మములకును, విద్యకును, సంఘసేవకును ఉపయోగపడునట్లు ఒక శాశ్వతనిధిని స్వీకరించుట రోటరీకి ఉచితమని చెప్పెను. సభవారు మర్యాదగా వినిరి. ఎవరును కాదనలేదు, ఎవరును ఇయ్యను లేదు.

ఆ నిధికి తొలి చందా మిస్సోరీ రాష్ట్రములోని కాన్సాస్ సిటీ క్లబ్బునుండి వచ్చినది. అది 26 డాలర్ల 50 సెంట్లు. ఒక కార్యము జరుపగా మిగిలిన చిల్లరనే నిధికి పంపిరి. నాటి మారకమున మన నూరు రూపాయలకైనను చాలదు. ఆ తరువాత పదేండ్లు నిధి నత్తనడక నడచెను. 1928లో మినియాపొలిస్ మహాసభ దానికి రోటరీ ఫౌండేషన్ అను పేరు పెట్టి, ఐదుగురు ధర్మకర్తలను నియమించి, క్లంఫును వారికి అధ్యక్షునిగా చేసినప్పటికి అందులో ఉన్నది అయిదువేల పైచిలుకు డాలర్లు. సంఘసభ్యులో, లక్షకు మించిరి. తలకు ఆరు సెంట్లయినను పడదు. వీరిలో బ్యాంకు యజమానులున్నారు, మిల్లు యజమానులున్నారు. లోపించినది ధనము కాదని చెప్పుటకు ఇంతకంటె లెక్క యేల?

ఇచ్చట మన దేశపు మాట యొకటి చెప్పక తప్పదు. అసలు చెక్కుచెదరక వడ్డీతో ధర్మము నడుచు నిధికి మన పూర్వులు అక్షయనీవి యను పేరు పెట్టిరి. నాసిక గుహలలో నహపానుని అల్లుడు ఉషవదాతుడు సుమారు పందొమ్మిది వందల యేండ్ల క్రిందట చెక్కించిన శాసనమున దీని లెక్కలు నేటికిని నిలిచియున్నవి. గుహలో వసించు భిక్షువుల వస్త్రాదులకై ఆయన 3000 కార్షాపణములిచ్చెను. ఆ సొమ్మును సంఘమువారి చేతికీయక, గోవర్ధన నగరమునందలి నేతగాండ్ర శ్రేణులలో వడ్డీకి ఉంచెను. ఒక శ్రేణిలో 2000 నెలకు నూటికి ఒకటి చొప్పునను, మరియొక శ్రేణిలో 1000 నెలకు నూటికి ముక్కాలు చొప్పునను. అసలు తిరిగి యీయనక్కరలేదు. వడ్డీ మాత్రమే అనుభవింపదగినదని స్పష్టముగ వ్రాయించెను. కలప వర్తకుడైన క్లంఫ్ ఈ శాసనము నెరిగియుండడు. వణిజుని బుద్ధియు ధర్మబుద్ధియు కలిసినచోట ఏ దేశమునందైనను ఇట్టి యాలోచనయే పుట్టును కాబోలు. ఆ పేరును మరచినను, మన గృహిణులు ఎసటిలో బియ్యము పోయుటకు ముందు పిడికెడు తీసి వేరు కుండలో వేయు ఆచారము మొన్న మొన్నటి వరకు ఉన్నదే. ఆ పిడికెడు ఆ పూట ఆకలిగొన్నవాడు గడపలో నిలిచినాడని తీసినది కాదు. తీయు వేళ అయినదని తీసినది.

క్లంఫ్ నిధినుండి తొలిసారిగా సొమ్ము బయటికి వచ్చినది 1930లో. వికలాంగ శిశువుల అంతర్జాతీయ సంఘమునకు 500 డాలర్లు. ఆ సంఘము పుట్టుక ఆలకింపదగినది. క్లీవ్లండునకు సమీపమున ఎలీరియా యను పట్టణము గలదు. 1907లో అచ్చట జరిగిన ట్రాము ప్రమాదమున ఎడ్గార్ అలెన్ అను వర్తకుని కుమారుడు గాయపడి, తగిన ఆసుపత్రి ఊరిలో లేక మరణించెను. తండ్రి తన వ్యాపారమును వదలి, ఊరివారిని కూడగట్టి ఆసుపత్రి కట్టించెను. పిమ్మట నడువలేని పిల్లలను ఇండ్లలో మరుగుపరచుట చూచి, వారి వైద్యమునకై సంఘము స్థాపించెను. ఆ పనిలో రోటరీ క్లబ్బులు ఆయనకు అండయైనవి. పుత్రశోకమునుండి వెడలిన అలెన్ ధర్మమును, ఏ శోకమును లేకయే లెక్కపుస్తకమునుండి వెడలిన క్లంఫ్ ధర్మమును ఆ 500 డాలర్లలో కలిసినవి. మా తలంపున రెండును కావలసినవే. అయితే శోకము అందరికిని ఒక్కసారి రాదు, వచ్చినను చిరకాలము నిలువదు. లెక్కపుస్తకము ప్రతిమాసమును తెరువబడును.

తరువాతి కాలము నిధికి గడ్డుకాలము. ఆర్థికమాంద్యమున ఎందరో సభ్యులు తామే చితికిపోయిరి. 1935 వరకు క్లంఫ్ ధర్మకర్తల అధ్యక్షుడుగా ఉండెను. 1937లో 20 లక్షల డాలర్లు కూర్పవలెనని సంఘము సంకల్పించెను గాని, రెండవ ప్రపంచయుద్ధము వచ్చి ఆ సంకల్పము నణచివేసెను. క్లంఫ్ వృద్ధుడయ్యెను. ఎదుటనున్నవి ఆకలి, యుద్ధము. ఇట్టి వేళ సొమ్మును దాచి వడ్డీ లెక్కించుట ధర్మమా యని ప్రశ్నించినవారి మాట త్రోసివేయదగినది కాదు. ఆకలిగొన్నవానికి నేటి యన్నము రేపటి వడ్డీకంటె ముఖ్యము. కాని ఆ ప్రశ్న వేసినవారు నేటి యన్నమును నిజముగా పెట్టుచున్నారా, లేక రెండింటినుండియు తప్పుకొనుచున్నారా యనునది వారివారి మనస్సాక్షికి తెలియవలసిన విషయము.

1947 జనవరి 27వ తేదీన పాల్ హారిస్ మరణించెను. తన పేర పుష్పగుచ్ఛములకు బదులు నిధికి సొమ్ము నీయవలసినదని ఆయన మిత్రులకు తెలిపియుండెను. లోకమందలి క్లబ్బులనుండి చందాలు ప్రవాహమువలె వచ్చినవి. ముప్పది యేండ్లలో రానిది పదునెనిమిది నెలలలో వచ్చెను. పది లక్షల డాలర్లు దాటిపోయెను. ఆ యేడే 18 మంది విద్యార్థులను విదేశ విద్యకు పంపు ఏర్పాటు జరిగినది. ఉద్వేగమే గెలిచినదిగదా, క్రమదానము ఓడినదిగదా యని కొందరనవచ్చును. కాని నిధి యొకటి అప్పటికే లేకున్నయెడల, ధర్మకర్తలు, నియమములు, పద్దులు సిద్ధముగా లేకున్నయెడల, హారిస్ ఏమని కోరియుండును? ఆ సొమ్ము ఎచ్చట చేరియుండును? ఎవరి మెప్పును పొందక ముప్పదియేండ్లు ఖాళీకుండను పగులకుండ కాపాడిన చేయి క్లంఫుది. కుండ నిండుట చూచి, 1951 జూన్ 3వ తేదీన, ఎనుబదిరెండేండ్లు నిండుటకు మూడు దినములు మిగిలియుండగా ఆయన కన్నుమూసెను.

మన దేశమున రోటరీ 1919లో కలకత్తాలో మొదలైనది. నాడది దొరల విందుసభ యని దేశీయులు దూరముగ నుండిరి. ఆ సందేహమునకు కారణము లేకపోలేదు. ఆ కలకత్తా క్లబ్బునకు చెందిన నితీశ్ లాహరీ 1962-63లో అంతర్జాతీయాధ్యక్షుడై, ఆసియా ఖండమునుండి ఆ పదవి నెక్కిన మొదటివాడయ్యెను. కాని మన ప్రజలకు నిధి ప్రయోజనము ప్రత్యక్షముగ తెలిసినది పోలియో చుక్కల మూలమున. 1979లో ఫిలిప్పీన్ దీవులలో అరువది లక్షల బిడ్డలకు చుక్కలు వేయు పని మొదలైనది. 1985లో సంఘము లోకమందలి బిడ్డలందరికిని చుక్కలందింప పూనుకొని 12 కోట్ల డాలర్లు కూర్పదలచెను. 1988 నాటికి 24 కోట్ల 70 లక్షలు కూడెను. 1988లో లోకమున ఏటికి మూడున్నర లక్షల బిడ్డలను కుంటివారిని చేయుచుండిన వ్యాధి అది. మన దేశమున సహజ పోలియో చివరిసారి కనబడినది 2011 జనవరి 13వ తేదీన, వంగదేశమునందలి హౌరా జిల్లాలో. 2014 మార్చి 27వ తేదీన మన దేశముతో కూడ ఆగ్నేయాసియా మండలమంతయు పోలియోరహితమని ప్రకటింపబడెను. ఈ ఖ్యాతి సంఘమునకు మాత్రమే చెందదు. ప్రభుత్వపు సొమ్ము, ప్రపంచారోగ్యసంస్థ, యునిసెఫ్, ఎండలో ఇల్లిల్లు తిరిగిన మన ఆరోగ్యకార్యకర్త్రులు, వీరు లేనిది ఏమియు జరుగదు. అయినను వ్యాధి సగము తగ్గినప్పుడు, పత్రికలు దానిని మరచినప్పుడు, ఏటేటా సొమ్ము వచ్చుచునే యుండుట ఈ పనికి ప్రాణమైనది.

ఇక మన క్లబ్బుల సంగతి. నేడు సభ్యుడు వార్షికనిధికి ఇచ్చు సొమ్ము వెంటనే వ్యయమగునది కాదు. దానిని మూడేండ్లు పెట్టుబడిగా ఉంచుదురు. ఆపైన ఇంచుమించు సగము, సొమ్మిచ్చిన జిల్లా తాను కోరిన పనులకు వాడుకొనుటకు తిరిగివచ్చును; తక్కినదానిలో చాలభాగము లోకనిధికి చేరును. శాశ్వతనిధికి ఇచ్చినదానిలో అసలు ఎన్నడును కదలదు. కనుక ఈ యేటి అధ్యక్షుడు సభ్యులను బతిమాలి కూర్చిన ధనముతో బావి త్రవ్వించువాడు, బడికి బల్లలు చేయించువాడు మూడేండ్ల తరువాత రాబోవు అధ్యక్షుడు. శిలాఫలకముమీద చెక్కబడునది అతని పేరు. ఇట్లే ఈ యేటి అధ్యక్షుడు చేయించు పనికి సొమ్ము కూర్చినవాడు మూడేండ్ల క్రిందట పదవి దిగి, నేడు వెనుక వరుసలో కూర్చున్నవాడు. చందాపుస్తకము చేతికి వచ్చినప్పుడు ఆ వెనుక వరుసలోని పెద్దమనిషిని చూచి సంతకము చేయుట సభ్యులకు సులభము కావచ్చును. ఏడాది పొడవున నెలకింతయని విడదీసి యిచ్చుట జేబునకును సులభము. క్లంఫ్ రెండుమార్లును పదవి దిగుచునే అడిగెను. ఈ జూన్ మాసమున దిగిపోవు అధ్యక్షులు ఎందరున్నారో వారందరును తమ కడపటి సమావేశమున ఈ సంగతి యెత్తి, తమ పద్దును మొదట వ్రాసి, పుస్తకమును ప్రక్కవారికి అందింపవచ్చును.